పై అంతస్తు షవర్ దారంలా వస్తోంది, పంపు పెట్టించాలా?

మేడమెట్లు:
నమస్తే అండి. మాది కింద ఒకటి, పైన ఒకటి అంతస్తుల ఇల్లు. వెయ్యి లీటర్ల ట్యాంకు డాబా మీద నేరుగా శ్లాబు మీదే కూర్చుంది. కింద వంటింటి కుళాయి తిప్పితే నీళ్లు గిన్నెలోంచి ఎగిరి చొక్కా మీద పడతాయి. పైన షవర్ మాత్రం దారం. ఒంటి మీద సబ్బు పోవాలంటే చివరికి మగ్గే దిక్కు. ట్యాంకు నిండగానే కాస్త నయం, సాయంత్రానికి మళ్లీ అదే కథ. ప్లంబర్ అరనిమిషం చూసి "ప్రెజర్ పంపు పెట్టించండి" అనేశాడు. మా ఆవిడేమో పెద్ద ట్యాంకు పెడితే సరిపోతుందంటోంది. ఎవరి మాట వినాలి?

నీలిబకెట్:
పంపు పెట్టించేయండి బ్రదర్. మాకు పెట్టాక వానలో నిలబడ్డట్టే ఉంది. రాత్రిపూట కాస్త చప్పుడు, అంతే.

పాతరెంచి:
ఆగండి మేడమెట్లు గారూ, పంపు ఎక్కడికీ పోదు. ప్రెజర్ ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయో చూసి రాదు, నీటిమట్టం కుళాయికి ఎంత ఎత్తున ఉందో చూసి వస్తుంది. 10 మీటర్ల ఎత్తుకి దాదాపు 1 బార్ ఒత్తిడి. మీ షవర్‌కి, ట్యాంకు అడుగుకి మధ్య మీటరుకి మించి ఉండదు. ట్యాంకు నిండితే ఇంకో మీటరు కలుస్తుంది. అంటే నిండుగా ఉన్నప్పటి ఒత్తిడిలో సాయంత్రానికి సగమే మిగులుతోంది. వంటింటికి ఐదారు మీటర్లు, అందుకే చొక్కా తడుస్తోంది. మీ ఆవిడ మాటనీ కొట్టిపారేయకండి: వెడల్పు ట్యాంకులో మట్టం నెమ్మదిగా దిగుతుంది. కానీ మొదట్లో ఉండే ప్రెజర్ మాత్రం పెరగదు.

ముందు ఒక పని చేయండి. షవర్ తల విప్పేసి, 10 లీటర్ల బకెట్ ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. తల బిగించి మళ్లీ చూడండి. తేడా బాగా ఉంటే తప్పు తలదే, సున్నం పట్టి ఉంటుంది. విప్పినా ఏడుపే అయితే పైపు, వాల్వు, బెండ్లు చూడాలి. వేడినీళ్లే సన్నగా వస్తుంటే గీజరు లైను వెతకండి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను ముందు పంపు కొని తర్వాత ఆలోచించిన బాపతు. పెట్టిన రోజు నుంచీ అది గుటకలు మింగుతున్నట్టు శబ్దం చేసేది, చెయ్యి పెడితే ఒళ్లు కాలిపోయేది. నాలుగు నెలల తర్వాత ట్యాంకు దగ్గర గేట్ వాల్వు విప్పాను. పైన పిడి హాయిగా తిరుగుతోంది, లోపల పలక మాత్రం ఊడిపోయి దారికి అడ్డంగా పడి ఉంది! నీళ్లే అందకపోతే పంపు మాత్రం ఏం తోస్తుంది?

పన్నెండోఫ్లోర్:
మాది తలకిందులు బాధండి. ట్యాంకు మాకు 55 మీటర్ల పైన, గేజీ పెడితే 5 బార్ దాటింది. వాషింగ్ మెషీన్ నీళ్లు ఆపినప్పుడల్లా గోడలో "ధన్" మని మోత. ప్రెజర్ తగ్గించే వాల్వు పెట్టించి 2.5కి దించాం. మోత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఒక క్లాంపు వదులుగా ఉందట.

మేడమెట్లు:
చూశాను. తల లేకుండా 1 నిమిషం 50 సెకన్లు, తలతో 4 నిమిషాలు! రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, రంధ్రాలు సూదితో పొడిచాక రెండున్నరకి వచ్చింది. వాల్వు బాగానే ఉంది. కానీ అంగుళం పైపు శ్లాబు దగ్గరే అరంగుళానికి తగ్గిపోయి, బాత్రూం దాకా ఏడు ఎల్బోలు తిరిగింది. ఒకటైతే ఎందుకు తిప్పాడో ఆ పైపు వేసినవాడికే తెలియాలి. అది మార్చి, ట్యాంకుని మీటరు ఎత్తు స్టాండు ఎక్కిస్తే చాలా?

పాతరెంచి:
అరంగుళం తీసి ముప్పావు వేసినా నీళ్లు బాగా పెరుగుతాయి, ముందు అది చేయండి. ప్రెజర్ పెరిగినంతగా నీళ్లు పెరగవు: స్టాండుతో ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు పెరిగేది ఐదో వంతే, అడుగంటినప్పుడు నలభై శాతం దాకా. అదీ చాలదనిపిస్తేనే పంపు. స్టాండు కాళ్లు మాత్రం బీముల మీదే పడాలి. నిండు ట్యాంకంటే టన్ను బరువండి.