తిలోదకాలు ఇచ్చామంటే వదిలేసినట్టా?

పేపర్లో మళ్లీ అదే హెడ్డింగు, "నిబంధనలకు తిలోదకాలు". ట్రాఫిక్ రూల్స్ దగ్గర్నుంచి ఎన్నికల హామీల దాకా ఎవరు దేన్ని గాలికొదిలేసినా మనవాళ్లకు ఈ మాటే దొరుకుతుంది. ఇదివరకు పెద్దగా పట్టించుకునేదాన్ని కాదు, మొన్న మహాలయ పక్షాల్లో నాన్న మా నాయనమ్మకి తర్పణాలు వదలడం దగ్గరుండి చూశాక మాత్రం ఎక్కడో చివుక్కుమంటోంది.

విడదీస్తే తిల + ఉదకం, గుణసంధి, నువ్వులు కలిపిన నీళ్లు, అంతే. సీతానగరం ఘాట్‌లో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి నీళ్లు జారుతుంటే నల్లనువ్వులు సగం నాన్న అరచేతికే అంటుకుపోయాయి. గోత్రం చెప్పి పేరు చెప్పాలి కదా, నాన్న నోట నాయనమ్మ పేరు నేను వినడం అదే మొదలు. ఇంట్లో ఎప్పుడూ "అమ్మా" అనేవారు, తాతయ్యేమో "ఏమేవ్" అనేవారు, ఇక ఆ పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా పలికింది లేదు. చివర్లో వచ్చే "తర్పయామి"కి తృప్తి పరుస్తున్నాను అని అర్థం. పోయిన మనిషికి కూడా దాహమేస్తుందేమో అని చూసుకునే ఈ పనికి "వదిలేయడం" అన్న అర్థం ఎలా అంటుకుందో తెలిసినవాళ్లు చెప్పండి.

సత్యనారాయణపురం నుంచి ఒక పెద్దాయన జవాబు:

అమ్మా, తిలోదకం పోయినవాళ్లకే ఇస్తారు. మరి బతికున్నవాడికి ఇస్తే? పూర్వం కులం నుంచి వెలివేసిన మనిషికి, మనిషి కళ్లెదుట తిరుగుతుండగానే, ఘటశ్రాద్ధం పెట్టేవారు. మా లెక్కలో నువ్వు లేవు అని చెప్పడమన్నమాట. పత్రికల వాడుక ఆ దారినే వచ్చి ఉంటుందని నా ఊహ, నిబంధన బతికే ఉంది, వీళ్లు చచ్చినట్టు లెక్కగట్టారు. "ఆ డబ్బుకి నీళ్లొదులుకున్నా" అంటామే, దాని దారి వేరనుకుంటాను. దానం ఇచ్చేటప్పుడు ధార పోస్తారు, నీళ్లు పడ్డాక ఆ వస్తువు మీద మనకు హక్కుండదు. వామనుడికి బలి ధార పోసిన కథ తెలిసిందే కదా. ఇంకోమాట, తర్పణాల్లో తల్లిదండ్రుల తరాన్ని వసువుల రూపంగా, తాతల తరాన్ని రుద్రుల రూపంగా తలుస్తారు. మీ నాన్నగారికి మీ నాయనమ్మ తల్లి గనక వసురూప. రేపెప్పుడో మీ అన్నదమ్ములు ఇవ్వాల్సివస్తే ఆవిడే రుద్రరూప అవుతుంది. ఒక్క మనిషే, ఇచ్చేవాడి తరాన్ని బట్టి మెట్టు మారుతుంది.

మాస్టారూ, ఘటశ్రాద్ధం సంగతి ఇప్పుడే వింటున్నా, ఇప్పుడు లెక్క కుదిరింది. నాన్నకి చదివి వినిపిస్తే "వెలేసినవాడికి ఇచ్చేదీ, మా అమ్మకి ఇచ్చేదీ ఒకటే మాటా?" అని కాసేపు గొడవపడ్డారు, మీతో కాదులెండి, పేపర్తో. అయినా "గాలికొదిలారు" అని రాస్తే సరిపోదా? హెడ్డింగులో చోటు కూడా ఏమంత ఎక్కువ పట్టదు.