పరిత్యజింతు… తర్వాత ఒక ‘రు’నా, రెండా?

తోకచుక్క:
‘చరొదేయి’ మళ్ళీ చూశాను. 1982 డిసెంబరు 31న సోవియట్ టీవీలో వచ్చిన రెండు భాగాల హాస్యచిత్రం. కితేజ్‌గ్రాద్ ఊళ్ళో మంత్రదండం తయారుచేసే ‘నూయినూ’ అనే శాస్త్ర పరిశోధన సంస్థ ఉంటుంది కదా, అక్కడివాళ్ళు కథానాయకుడు ఇవాన్‌కి గోడలోంచి నడిచిపోవడం నేర్పుతారు. మూడే షరతులు: గమ్యం కనబడాలి, తన మీద నమ్మకం ఉండాలి, అడ్డంకుల్ని గమనించకూడదు. వినగానే ఏనుగు లక్ష్మణకవి భర్తృహరిని తెలుగు చేసిన ‘ఆరంభింపరు నీచమానవులు’ పద్యం నోటికొచ్చింది, రెండో పాదంలో ఆగిపోయింది. ‘ఆరంభించి పరిత్యజింతురు విఘ్నాయత్తులై మధ్యముల్’ అంటే ఎక్కడో కుంటుతోంది. సరైన పాఠం ఎవరికైనా గుర్తుందా? అన్నట్టు, ఆ మూడో షరతుకీ ఈ పద్యానికీ పోలిక కుదురుతుందా?

గట్టుమీది చెట్టు:
రెండు ‘రు’లండీ. పరిత్యజింతు రురు విఘ్నాయత్తులై. ఉరు విఘ్నం, అంటే పెద్ద అడ్డంకి.

పాత పెద్దబాలశిక్ష:
మా తెలుగు మాస్టారు ఒక్క ‘రు’తోనే చదివించేవారు. ‘రురు’ అంటే జింక కదా సార్ అని వెనక బెంచీవాడు అడిగితే, అది అచ్చుతప్పురా, ఒకటి కొట్టేసుకోండి అన్నారు. క్లాసంతా పెన్సిల్‌తో కొట్టేసుకున్నాం.

శార్దూలం:
కొట్టేస్తే పాదమే పోతుంది. ఇది శార్దూల వృత్తం, పాదానికి పందొమ్మిది అక్షరాలు. అందులో నాలుగో గణం సగణం. రు, రు, విఘ్: రెండు లఘువులు, ఒక గురువు. ఒకటి తీస్తే పద్దెనిమిది అక్షరాలే మిగులుతాయి, పైగా యతి స్థానంలో ‘ఘ్నా’ ఉండదు. విఘ్న, ఆయత్త కలిసినచోట ఉన్న ‘ఆ’తోనే మొదటి ‘ఆ’కి మైత్రి. మొదటి పాదంలో విఘ్నాయాసలోనూ ఇదే ఏర్పాటు. ఇందులో చర్చకేమీ లేదు.

గట్టుమీది చెట్టు:
లెక్క సరే, ‘ఉరు’ ఎందుకు వచ్చిందన్నది చర్చే. భర్తృహరి సంస్కృత మూలంలో ‘విఘ్నవిహతా విరమంతి మధ్యాః’, అడ్డంకులు తగిలి మధ్యములు ఆగిపోతారని, అంతే. పెద్ద అడ్డంకి అని అక్కడ లేదు. ఏనుగు లక్ష్మణకవి కావాలనే చేర్చాడని నా నమ్మకం. మధ్యముడు చిన్న అడ్డంకికి వెనక్కి తగ్గడు, కొండంతది వచ్చి పడితేనే వదిలేస్తాడు. మనలాంటివాళ్ళ మీద కవికి ఉన్న దయ అది.

శార్దూలం:
గణం కోసం వేసిన విశేషణం మీద అంత బరువు పెట్టకండి.

గట్టుమీది చెట్టు:
రెండు లఘువులు కావాలంటే వేరే మాటలు లేవా మాస్టారూ? ‘అతి’ వెయ్యొచ్చు, పరిత్యజింతు రతి విఘ్నాయత్తులై అని.

శార్దూలం:
‘అతి’ అన్నా మరీ ఎక్కువనే అర్థం కదండీ, మీ దయ అక్కడా మిగులుతుంది. మూడో పాదం చూడండి, పాఠభేదం అసలు అక్కడుంది. ‘ధృతోన్నతోత్సాహులై’ అని రాసేవాళ్ళు ఉన్నారు. తగణం (గురువు, గురువు, లఘువు) ఉండాల్సినచోట జగణం (లఘువు, గురువు, లఘువు) పడుతుంది. ‘ధృత్యున్నతోత్సాహులై’ అనే ఉండాలి. ధృతి, ధైర్యం. ధీరుల్‌లోని ‘ధీ’కి ‘ధృ’తో యతి కూడా చక్కగా కుదిరింది.

వేపపుల్ల:
‘ధీరుల్’ మాట వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతాను. మూలంలో నీచులు, మధ్యములు, ఉత్తమజనులు. తెలుగులో మొదటి ఇద్దరూ ఉన్నారు, ఉత్తములు ఏమయ్యారు?

శార్దూలం:
ప్రాస ‘ర’కారం. ఆరంభింపరు, ఆరంభించి, ధీరుల్, ప్రారబ్ధ. ఉత్తముల్ అక్కడ నిలబడదు.

వేపపుల్ల:
ప్రాస కోసం వచ్చి మూలాన్ని మించింది. ఉత్తముడంటే అదొక కితాబు. ధీరుడంటే దెబ్బ తింటూ నిలబడేవాడు. ‘విఘ్ననిహన్యమానులగుచున్’ చూడండి, అడ్డంకులు కొడుతూనే ఉన్నాయి, ఆగలేదు. ఆ సమాసం పలకడానికే ఊపిరి బిగబట్టాలి. లక్ష్మణకవి దగ్గర నాకు ప్రాణం ఇదే. ఎలకూచి బాలసరస్వతీ భర్తృహరిని తెలిగించాడు, గొప్ప పండితుడు, కానీ నాలుగో పాదంలో ‘సురభిమల్లా నీతివాచస్పతీ’ అనే మకుటం పదకొండు అక్షరాలు తినేస్తుంది. చెప్పాల్సిన మాట చివర్లో ఇరుక్కుపోతుంది. లక్ష్మణకవికి ఆ కట్టు లేదు కాబట్టి ‘ప్రారబ్ధార్థము లుజ్జగింపరు సుమీ’ అని తీరిగ్గా అనగలిగాడు. ఆ ‘సుమీ’ ఎంత దగ్గరగా వచ్చి చెప్పినట్టుంటుందో!

పాత పెద్దబాలశిక్ష:
మకుటాన్ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. పాడుకునేవాడికి అదే ఆసరా. మా తాతగారికి పద్యం మొత్తం మరుపొచ్చినా మకుటం పట్టుకుని వెనక్కి వెళ్ళి పాదాలు అందుకునేవారు.

తోకచుక్క:
అందరికీ ధన్యవాదాలు, కానీ నా ప్రశ్నలో రెండో సగం మిగిలిపోయింది. నూయినూ వాళ్ళ మూడో షరతుకీ ఈ పద్యానికీ పోలిక కుదురుతుందా?

వేపపుల్ల:
కుదరదండీ. ఇవాన్‌కి చెప్పింది గోడ ఉందన్న సంగతే గమనించవద్దని. ధీరుడు గోడను చూస్తాడు, గుద్దుకుంటాడు, మళ్ళీ లేస్తాడు. ఇంకా చెప్పాలంటే అదే సినిమాలో ఫరాదా అనే నటుడు వేసిన పాత్ర ఉంది చూడండి, అతిథిగా వచ్చినవాడు, ఆ సంస్థ నడవాల్లో దారి తప్పి, ఇలా ఎవరు కడతారయ్యా అని మొత్తుకుంటూ తిరుగుతూనే ఉంటాడు. నిహన్యమానుడంటే అతనే.

గట్టుమీది చెట్టు:
అతను మొదలుపెట్టిన పని ఏమిటి? ప్రారబ్ధార్థం లేనివాడు ధీరుడెలా అవుతాడు?

వేపపుల్ల:
బయటపడటమే అతని ప్రారబ్ధార్థం.

శార్దూలం:
‘ప్రారబ్ధార్థము’ అంటే మొదలుపెట్టిన పని. మన వాడుకలో ప్రారబ్ధమంటే ఖర్మ అనే అర్థం పాతుకుపోయింది కాబట్టి పిల్లలు ఆ పాదాన్ని ‘ఖర్మను వదిలించుకోరు’ అని అర్థం చేసుకుంటున్నారు. అసలు దాని మీద మాట్లాడుకోవాలి మనం.

పాత పెద్దబాలశిక్ష:
దానికి వేరే పోస్టు పెట్టండి మాస్టారూ. ఆ ‘రురు’ సంగతి నాకింకా తేలలేదు. పాత అచ్చు ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పాదం ఫొటో పెడతారా?