42లో తత్త్వం ఉందా, మనం దూర్చామా?

సత్యనారాయణపురం:
డగ్లస్ ఆడమ్స్ నవ్వుల సైన్స్ ఫిక్షన్ ‘ద హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ’ 1978లో బీబీసీ రేడియో నాటకంగా వచ్చింది, 1979లో నవలైంది. అందులో జీవితం, విశ్వం, సమస్తం గురించి జవాబు చెప్పమంటే డీప్ థాట్ అనే కంప్యూటర్ 75 లక్షల ఏళ్లు లెక్కేసి 42 అంటుంది. దాన్ని వేదాంతం చేసేవాళ్లతోనే నా పేచీ. మామూలుగా కనిపించే చిన్న అంకె కావాల్సొచ్చింది, జోకు, అంతే అని రాసినాయనే చెప్పాడు. రెండో నవల్లో ఆరు తొమ్మిదులు (అసలైతే 54) 42 అన్నారు కాబట్టి, పదులకి బదులు పదమూళ్లతో లెక్కేస్తే సరిపోతుందని (4×13+2=54) పాఠకులు పట్టుకొస్తే ఆ లెక్కలో జోకులు రాయనన్నాడు. ఇంకా ఎందుకు తవ్వడం?

బ్రాడీపేట:
ఆయన కాదన్నంత మాత్రాన లేనట్టేనా అండీ? జోకు విప్పి చూడండి: హద్దుల్లేని ప్రశ్న, అంతులేని నిరీక్షణ, పొల్లుపోని జవాబు. 75 లక్షల ఏళ్లని పది నిమిషాలు చేస్తే మెషీన్ పాడైందనుకుంటాం. 42 తీసేసి 108 పెడితే మనవాళ్లకి అష్టోత్తరమో అంబులెన్సో గుర్తొస్తుంది, నవ్వు పోతుంది. 7 పెట్టినా ఏడుకొండలు అడ్డొస్తాయి. ఏ అర్థమూ అంటని అంకే కావాలి. మా పేటలో 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. ఆటో సరాసరి పోతుంది. అడ్రసు అడిగారని తెలియనివాడికి అదే 4/7 ఉత్త భిన్నం. డీప్ థాట్ కూడా అదే అంటుంది: అసలు ప్రశ్నేంటో మీకు తెలియదు.

అమరావతి రోడ్డు:
లోకం శాశ్వతమా, కాదా లాంటి ప్రశ్నలకి బుద్ధుడు జవాబు చెప్పలేదు. అవ్యాకృతాలంటారు. చెప్పకపోతే వెళ్లిపోతానన్న శిష్యుడు మాలుంక్యపుత్తుడితో, విషబాణం తగిలినవాడు కొట్టినవాడి కులం తెలిస్తేగానీ బాణం తియ్యనివ్వనన్నట్టుంది అన్నాడు. 42 దానికి దగ్గర చుట్టమే.

సత్యనారాయణపురం:
బాణం కథలో వాదం ఉంది మాస్టారూ: తెలుసుకునేలోపే పోతావు అని. 42లో ఉన్నది ఖాళీ. అందులో మీరు బుద్ధుణ్ణి కూర్చోబెట్టారు, రేపింకొకరు శంకరుల్ని తెస్తారు.

గవర్నర్‌పేట:
42 పక్కనపెట్టండి, దాని మీద ఎప్పుడూ ఇదే గొడవ. రెండో నవల (1980)లో హోటల్ సన్నివేశం చూడండి. తనని తినాలని కోరుకునేలా, ఆ మాట నోటితో చెప్పేలా పెంచిన ఆవులాంటి పశువు టేబుల్ దగ్గరికొచ్చి భుజం ముక్క తినమంటుంది. కథానాయకుడు ఆర్థర్‌కి ఒళ్లు జలదరిస్తుంది. తినొద్దనే పశువుని తినడం కన్నా ఇది నయం కదా అంటాడు పక్కవాడు.
చంపడం ఎందుకు తప్పు? దానికి ఇష్టం లేదు కాబట్టి అంటారా, ఇక్కడ ఇష్టముంది. అయినా కడుపులో తిప్పుతోందంటే ఇష్టం ఒక్కటే కొలబద్ద కాదు, ఆ ఇష్టం ఎవరు పెట్టారన్నదీ చూడాలి. పుట్టకముందే మనం నాటిన కోరికని సమ్మతి అనొచ్చా? నవ్వు తీసేసినా ఈ వాదం నిలబడుతుంది.
తెలుగులో చేస్తే మాత్రం ఆవుని ఉంచొద్దు. చర్చ గోవధ మీదకి పోయి సమ్మతి సంగతి గాలికి పోతుంది. పొట్టేలు పెట్టండి, వాదానికేం కాదు.

సత్యనారాయణపురం:
దీన్ని ఒప్పుకుంటా. వాదం అంత గట్టిదైతే మరి నవ్వెందుకు?

గవర్నర్‌పేట:
మర్యాద కోసం. ఆ పశువు సర్వరులా మాట్లాడుతుంది. వంటింట్లోకెళ్లి తుపాకీతో తనని తానే కాల్చుకుంటానంటూ, నొప్పి తెలీకుండా చేసుకుంటాలెండి అన్న ధోరణిలో ఆర్థర్‌కి ధైర్యం చెబుతుంది. ఆ ‘లెండి’ దగ్గర నవ్వేశాక పాఠకుడు తప్పించుకోలేడు. మొదట్నుంచీ గంభీరంగా చెబితే శాకాహారి ఒక వైపు, మాంసాహారి ఒక వైపు ముందే సర్దుకుని కూర్చుంటారు.

బ్రాడీపేట:
పోలిష్ రచయిత స్టానిస్లావ్ లెమ్‌ది ఇంకో దారి. ఆయన కథల పుస్తకం సైబీరియాడ్ (1965)లో ట్రుర్ల్ అనే యంత్రనిర్మాత పదవి పోయిన క్రూరుడైన రాజుకి పెట్టెలో బుల్లి రాజ్యం చేసిస్తాడు. బొమ్మలే కదా అంటే, నిజంగా ఏడ్చేంత బాగా చేశావు, ఇంక ఆ ఏడుపు బొమ్మ ఏడుపెలా అవుతుంది అని మిత్రుడు క్లపౌషియస్ నిలదీస్తాడు. వాదం పాత్రలే విప్పి చెబుతాయి. అక్కణ్ణుంచి నవ్వు రాదు.

సత్యనారాయణపురం:
అంటే వాదం పైకి తేలితే నవ్వు ఆగుతుంది, 42లో నవ్వు ఆగదు. నా మాట మీరే చెప్పారు.