చర్చ: తాల్ముద్ చదివితే దేవుడు దగ్గరవుతాడా, చట్టం దగ్గరవుతుందా?

పగటిచుక్క:
కొంతకాలంగా దఫ్ యోమీ చదువుతున్నాను. తెలియనివాళ్ళకి: బాబిలోను తాల్ముద్‌ను, అంటే యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథాన్ని, రోజుకో పేజీ చొప్పున, ప్రపంచమంతా ఒకే రోజు ఒకే పేజీ చదివే పద్ధతి ఇది. 1923లో రబ్బీ (యూదు మతగురువు) మేయిర్ షపిరో ప్రతిపాదించారు. మొత్తం 2,711 పేజీలు, అంటే దాదాపు ఏడున్నరేళ్ళు. ఇప్పటి ఆవృత్తి 2020 జనవరి 5న మొదలైంది. నేను యూదుణ్ణి కాను, మతం మారే ఆలోచన కూడా లేదు. సెఫారియా సైట్‌లో ఇంగ్లీషు అనువాదం ఉచితంగా దొరుకుతుంది, అదే చదువుతాను.

బావా కమ్మా అనే భాగంలో ఒకడి ఎద్దు ఇంకొకడి ఎద్దును పొడిస్తే నష్టం ఎవరు కట్టాలని పేజీలకు పేజీలు వాదిస్తారు. అది చదివి లేచేసరికి, పూజ గదిలో నాకెప్పుడూ తెలియని దగ్గరితనం ఏదో తెలుస్తోంది. ఇది దేవుడికి దగ్గరవడమేనా, లేక బుర్రకి మేత దొరికిన తృప్తా?

బెజవాడ బాబాయ్:
బావా కమ్మా అంటే మా వైపు పెళ్ళి సంబంధం గురించేమో అని తొంగి చూశా.

నిర్వాహకుడు:
బాబాయ్ గారూ, కులం జోకులు వద్దు.

శేషాద్రి:
రెండోదే. ఎద్దు కేసులు చదివితే మంచి ప్లీడరు అవుతారు, భక్తుడు కారు. ఈ మాట నేను కొత్తగా అనడం లేదు, యూదుల్లోనే అన్నారు. పద్దెనిమిదో శతాబ్దపు గురువు బాల్ షెమ్ తోవ్ దారిలో నడిచిన హసీదులనే భక్తులు దేవుణ్ణి హత్తుకుని ఉండటమే అసలు సంగతన్నారు. పాండిత్యం లేనివాడు మనసారా చేసిన ప్రార్థన కూడా పైకి చేరుతుందన్నారు. దానికి పండితులు చేసిందేమిటి? 1772లో విల్నా నగరంలో (ఇప్పటి లిథువేనియా) వాళ్ళని వెలివేశారు! ఆ వంశంలోనే బ్రాత్స్‌లావ్ రబ్బీ నాహ్‌మాన్ రోజూ ఏకాంతంగా కూర్చుని సొంత భాషలో దేవుడితో మాట్లాడుకోమన్నాడు. అన్నమయ్య చేసిందీ అదేగా. పేజీల లెక్క దేనికి?

పగటిచుక్క:
శేషాద్రి గారూ, సగం కథే చెప్పారు. హసీదులను ఎదిరించిన మహాపండితుడు విల్నా గావోన్. ఆయన శిష్యుడు వొలోజిన్ హయ్యీమ్ దీనికే జవాబు రాశాడు. 1824లో అచ్చయిన పుస్తకంలో ఉంది. చదవబోయే ముందు కాసేపు దైవభీతితో మనసు సర్దుకో, తర్వాత పూర్తిగా ఆ ఎద్దు మీదే దృష్టి పెట్టు, ఆ చదువే హత్తుకోవడం అంటాడు. మధ్యలో "నేను దేవుడికి దగ్గరగా ఉన్నానా" అని తడుముకోనక్కర్లేదు. తాల్ముద్‌లోనే ఇంకో మాట ఉంది: యెరూషలేము ఆలయం కూలిన రోజు నుంచి ఈ లోకంలో దేవుడికి మిగిలింది హలాఖా, అంటే యూదు ధర్మశాస్త్రం, అనే నాలుగు మూరల చోటేనట. ఆ నాలుగు మూరల్లో కూర్చోవడమే నాకు కావలసింది.

కోనసీమ కోడలు:
నాకు ఈ పుస్తకాలు తెలియవండీ. ఇజ్రాయెల్‌లో బ్నేయి బ్రాక్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్నాను. నేను చూసుకునే తాతగారికి పక్షవాతం. రోజూ పొద్దున ఆయనతో కలిసి తాల్ముద్ చదివే జోడీ వస్తారు, ఇద్దరూ ఒకే పేజీ ముందు కూర్చుని బల్ల గుద్ది అరుచుకుంటారు. మొదట్లో ఆస్తి తగాదా అనుకున్నాను! మందులు వేసుకున్నారో లేదో తాతగారికి గుర్తుండదు, నిన్న ఎక్కడ ఆపారో మాత్రం గుర్తుంటుంది.

మా అమ్మ పోయిందని ఫోన్ వచ్చిన రోజు ఆయన చదువు మధ్యలో పుస్తకం మూసేశారు. శవాన్ని సాగనంపడానికి చదువు ఆపాలని వాళ్ళకి నియమం ఉందట. అమ్మ పేరేమిటి, ఏం వండేది అని మధ్యాహ్నం దాకా అడుగుతూ కూర్చున్నారు. ఆయన కూతురేమో సెలవు జీతంలో కోత ఎంతో చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆవిడ కూడా నిష్ఠగానే ఉంటుందండీ.

హేతువాది_68:
అక్కా, శనివారం యూదులు లైటు వేయకూడదు కదా, మరి ఎవరు వేస్తారు?

కోనసీమ కోడలు:
నేనే. ఒంట్లో బాగున్నవాళ్ళు వెయ్యమని నేరుగా అడగరు, "చీకటిగా ఉంది" అంటారు.

హేతువాది_68:
అదీ సంగతి! "చీకటిగా ఉంది" అంటే దేవుడికి అర్థం కాదా? తనకి పాపం, మన తెలుగు ఆడకూతురికి కాదా?

పగటిచుక్క:
శనివారం నియమం యూదులకే, ఆమెకి లేదు. అలాగని ఆమెతో చేయించుకోవడాన్ని కూడా పండితులు మామూలుగా నిషేధించారు. మంచాన పడినవాళ్ళ కోసమైతే నేరుగా అడగొచ్చు. చర్చ దీని గురించి కాదు.

హేతువాది_68:
దీని గురించే. సూటిగా చెప్పండి, లైటు సంగతేంటి?

శేషాద్రి:
అమ్మా కోడలు గారూ, తాతగారు మంచి మనిషి. కానీ చదువు వల్లే మంచివాడయ్యాడని ఎలా చెప్పగలం? ఆయన కూతురు కూడా అదే నిష్ఠ అని మీరే రాశారు.

మా నాన్నగారు ఘనాపాఠి. తెల్లవారుజామున మొదలుపెడితే ఇల్లు మారుమోగేది, స్వరం తప్పిన పిల్లాడి వీపు పగిలేది. మా అమ్మ జ్వరంతో మూలుగుతుంటే "పాఠం అయ్యాక" అన్నారు. ఆ పాఠం ఏ దేవుడికి దగ్గర చేసింది ఆయన్ని? నేను కీర్తనలు పాడుకోవడం మొదలుపెట్టాకే దేవుడనేవాడు ఉన్నాడనిపించింది.

చేబ్రోలు రోడ్డు:
ఇంతసేపూ చదివాను. ఇద్దరికీ చెప్పాల్సింది ఉంది.

పగటిచుక్క గారూ, తాల్ముద్‌లో సన్‌హెద్రిన్ అనే భాగం 59వ పేజీకి వచ్చారా? తోరా (యూదుల ధర్మగ్రంథం) చదివే అన్యుడు, అంటే యూదుడు కానివాడు, మరణానికి అర్హుడని రబ్బీ యోహానాన్ అంటాడు. అదే పేజీలో పాతకాలపు రబ్బీ మేయిర్, అన్యుడైనా తోరా చదివితే ప్రధాన యాజకుడితో సమానమంటాడు. చివరికి, అన్యులకు విధించిన ఏడు ఆజ్ఞల వరకు చదివినవాడి గురించే మేయిర్ మాట అని సర్దుతారు. అంటే చదువు బాధ్యతతో వస్తుంది. మీరు దగ్గరితనం తీసుకుని బాధ్యత వదిలేస్తున్నారు. చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే తెలుగువాళ్ళు, బెనె ఎఫ్రాయిమ్ వాళ్ళు, 1991లో సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) పెట్టుకున్నారు. ఎక్కువమంది మాదిగలు, కూలీలు. శనివారం ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే. ఇజ్రాయెల్ ప్రభుత్వం వాళ్ళని యూదులుగా గుర్తించలేదు. అయినా హీబ్రూ నేర్చుకున్నారు.

పగటిచుక్క:
అంటే నేను పుస్తకం మూసెయ్యాలా? ఎవరు ఏం చదవాలో మీరు కూడా గేటు దగ్గర నిలబడి చెబుతారా?

చేబ్రోలు రోడ్డు:
మూసెయ్యమనలేదు. ఏదీ వదులుకోకుండా దొరికినదాన్ని వాళ్ళు పడుతున్నదానితో కలిపి ఒకే పేరు పెట్టొద్దంటున్నాను. ఇక శేషాద్రి గారూ, మీ ఇంట్లో చదువు ఎక్కువై మీకు విసుగొచ్చింది. మా తాత చెవిన పడకూడదన్నది కూడా ఆ చదువే. దాన్ని మీరు విసిరేసి భక్తి చాలంటే నాకు కడుపు మండుతుంది.

శేషాద్రి:
నన్ను కులంతో కొడతారా? దెబ్బలు తిన్నది నేను. నా ప్రశ్నకి జవాబు చెప్పండి: చదువే దారి అయితే చదువు రానివాడు ఏమైపోవాలి?

చేబ్రోలు రోడ్డు:
చదువు రానివాడిని అలాగే ఉంచి, నీకు భక్తి చాల్లే అని చెప్పినవాళ్ళెవరు? అది ముందు చెప్పండి. మా బామ్మ జీవితాంతం భజన చేసింది. భజన పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా ఆమెకి తెలిసేది కాదు. ఆమె దేవుడికి దూరమని నేనను. కానీ ఆమెకి చదవాలని ఉండేది.

నిర్వాహకుడు:
ఇద్దరూ నెమ్మది. ఇంకొకసారైతే ఈ చర్చ మూసేస్తాను.

పగటిచుక్క:
తాల్ముద్‌లో ఒక కథ ఉంది: లోద్ అనే ఊళ్ళో ఒక మేడగదిలో రబ్బీలు ఇదే వాదించారు, చదువు గొప్పా ఆచరణ గొప్పా అని. ఆచరణ అన్నాడు తర్ఫోన్, చదువు అన్నాడు అకివా. చదువు ఆచరణకి తీసుకెళ్తుంది కాబట్టి చదువే గొప్పదని అందరూ తేల్చారు. ఆ అకివా నలభై ఏళ్ళదాకా ఏమీ చదువుకోలేదని కథ.

శేషాద్రి:
మరి ఆ నలభై ఏళ్ళూ దేవుడికి దూరంగా ఉన్నాడా?

చేబ్రోలు రోడ్డు:
తాల్ముద్‌లోనే పెసాహీమ్ అనే భాగం 49వ పేజీలో అకివాయే చెప్పుకున్నాడు. చదువు రాని రోజుల్లో పండితుడు కనిపిస్తే గాడిదలా కరవాలనిపించేదట. కుక్కలా అనండి గురువుగారూ అన్నారు శిష్యులు. కాదు, కుక్క కరిస్తే ఎముక విరగదు, గాడిద కరిస్తే విరుగుతుంది అన్నాడు.

శేషాద్రి:
గాడిద సంగతి నాకు అర్థమైంది, పాఠం అయ్యాక నాకూ అలాగే ఉండేది. మిగతాది ఒప్పుకోను. మీ బామ్మగారి గురించి మాత్రం ఇంకా రాయండి, చదువుతాను.

హేతువాది_68:
లైటు?