ఎండోమెట్రియోసిస్ ఉంటే, గర్భానికి ముందు పథ్యం చేస్తే బిడ్డ నెలలు నిండి పుడుతుందా?

గుణుపురం కోడలు:
నాకు ఇరవై ఎనిమిదేళ్లు. పోయిన ఏడాది బరంపురంలో లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూడటం) చేసి ఎండోమెట్రియోసిస్ అని తేల్చారు. గర్భాశయం లోపలి పొర లాంటిదే బయట, నాకైతే అండాశయం మీద, పెరిగిందట. పిల్లల కోసం ప్రయత్నించే ముందు ఆరు నెలలు గోధుమ, పాలు మానేస్తే నెలలు నిండకుండా కాన్పు కాదని మా ఆడపడుచు ఒక వీడియో పంపింది. మా ఇంట్లో పొద్దున చద్దన్నం, రాత్రి చపాతీ. ఏది మానను?

రాయగడ మాస్టారు:
చపాతీ మానేయమ్మా. మా అమ్మాయికీ ఇదే జబ్బు. గోధుమ మానేసిన మూడు నెలలకే నొప్పి సగానికి సగం తగ్గింది. పొద్దున చోడి, అంటే రాగి, అంబలి తాగు. ఇక్కడి సంతలో మండియా అని అమ్మేది అదే. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలు లేకపోయినా లోటుండదు.

వంశధార:
మాస్టారూ, నొప్పి తగ్గడం వేరు, కాన్పు వేరు. ఈ జబ్బు ఉన్నవారికి 37 వారాల లోపు కాన్పు కావడం, మాయ గర్భాశయంలో కింది వైపు అతుక్కుని బిడ్డ వచ్చే దారికి అడ్డుపడటం కొంత ఎక్కువని పరిశోధనల్లో తేలింది. గోధుమ మానితే ఆ ముప్పు తగ్గుతుందనడానికి గట్టి రుజువేదీ లేదు.

రాయగడ మాస్టారు:
మా అమ్మాయి కడుపునొప్పి తగ్గడం రుజువు కాదా? మీకు కాగితం మీద ఉంటేనే రుజువు.

పర్లాకిమిడి:
చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకోవచ్చా?

జయపురం నర్సు:
నంజుకోండి. గోధుమ గొడవ కాసేపు పక్కన పెట్టండి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోయేవారు ముందు హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. 12 కంటే తక్కువైతే రక్తహీనతే. మన దేశంలో సగం మందికి పైగా ఆడవారికి అది ఉంది. గర్భంలోనూ అలాగే ఉంటే బిడ్డ ముందే పుట్టే, బరువు తగ్గే అవకాశం పెరుగుతుంది. ఆకుకూర, పప్పు, చేప తినండి, పైన నిమ్మకాయ పిండుకోండి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము సరిగా ఒంటికి పట్టదు. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భానికి కనీసం నెల ముందు నుంచే. బిడ్డ వెన్ను, మెదడుగా మారే నాళం గర్భం నిలిచిన నాలుగు వారాలకే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు.

రాయగడ మాస్టారు:
చూశారా, ముందు నుంచే జాగ్రత్త పడాలని నర్సమ్మే అంటోంది. అందుకే గోధుమ వద్దన్నాను.

జయపురం నర్సు:
నేను ఆ మాట అనలేదు.

వంశధార:
మాస్టారూ, ఇక వదిలేయండి. నేను ఆరు నెలలు మానాను. గోధుమ, పంచదార, వేపుళ్లు, అన్నీ. మా బాబు 34వ వారంలో పుట్టాడు, కిలో తొమ్మిది వందల గ్రాములు. ఇంక్యుబేటర్ అద్దం బయట కుట్లు పట్టుకుని నిలబడితే మా అత్తగారు అడిగిన మొదటి మాట: "ఆ పెళ్లిలో పూరీలు తిన్నావు కదా?" రెండు పూరీలు. వాడికిప్పుడు నాలుగేళ్లు, జలుబు చేసినా ఆ రెండు పూరీలే బయటికొస్తాయి. ఇది మానితే బిడ్డ బాగుంటుందని మీరు సులువుగా అంటారు. బాగుండకపోతే ఏం తిన్నావని అడిగేది ఎవరిని?

పర్లాకిమిడి:
అమ్మో.

రాయగడ మాస్టారు:
అమ్మా, నేను మీ అత్తగారిని కాను. మా పిల్ల పదిహేనో ఏట నుంచి నెలనెలా మెలికలు తిరిగిపోతుంటే, పెళ్లయితే అదే సర్దుకుంటుందన్నది నేనే. తొమ్మిదేళ్లు అదే మాట అన్నాను. చివరికి డాక్టరుకు చూపించింది అల్లుడు. ఇప్పుడు నేను చేయగలిగింది చోళ్లు మర పట్టించి బస్సులో పంపడం ఒక్కటే. అది కూడా దండగంటే నేనేం చేయను?

వంశధార:
పిండి పంపండి మాస్టారూ, దండగని నేననలేదు. రేపు ఏదైనా తేడా వస్తే మాత్రం ఆ పిండి తిన్నావా అని ఆ పిల్లను అడగకండి.

రాయగడ మాస్టారు:
అడగను.

గుణుపురం కోడలు:
రేపే రక్తపరీక్షకు వెళుతున్నాను. ఫోలిక్ యాసిడ్ సంగతి కూడా అక్కడే అడుగుతాను. చద్దన్నం మానను. చపాతీ సంగతి ఎవరూ తేల్చలేదు.

జయపురం నర్సు:
పడితే తిను.

రాయగడ మాస్టారు:
టీ సంగతి ఒప్పుకుంటున్నాను. చపాతీ సంగతి ఒప్పుకోను.