స్టీరింగ్ మారుస్తున్నాను, ఎయిర్‌బ్యాగ్ వైర్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

జైపూర్ కుర్రాడు (కొరాపుట్ జిల్లా)
అందరికీ నమస్కారం. నాది 2020 మోడల్ చిన్న కారు, బేస్ వేరియంటు. గట్టి ప్లాస్టిక్ స్టీరింగ్. సాలూరు ఘాట్ దిగేసరికి చెమటకి చేతులు జారిపోతున్నాయి. మొన్న విశాఖ వెళ్లినప్పుడు గాజువాక ఆటోనగర్‌లో ఇదే కారు టాప్ మోడల్ లెదర్ స్టీరింగ్ దొరికింది. ఆడియో బటన్లున్నాయి, ఎయిర్‌బ్యాగ్ కూడా దానికే బిగించి ఉంది. ఇక్కడ ఒక మెకానిక్‌ని అడిగితే "ఎయిర్‌బ్యాగ్ వైర్లు కలిపే పసుపు కప్లర్ కోసేసి, వైర్లు మెలేసి టేపు చుట్టేస్తాను, అరగంట పని" అన్నాడు. అప్పటి నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. నాలుగు విషయాలు చెప్పండి. నా పాత ఎయిర్‌బ్యాగే కొత్త స్టీరింగ్‌లో పెట్టుకోవచ్చా? బటన్ల కోసం స్టీరింగ్ వెనక చుట్టుకుని ఉండే స్పైరల్ కేబుల్ మార్చాలా? బ్యాటరీ తీశాక ఎంతసేపు ఆగాలి? మిగిలిపోయే రెండో ఎయిర్‌బ్యాగ్‌ని ఏం చెయ్యాలి?

మహేంద్రగిరి గాలి (పర్లాకిమిడి)
బటన్లు, లెదరు తర్వాత చూసుకోవచ్చు తమ్ముడూ. స్టీరింగ్ ఊడదీశాక లోపల గుండ్రంగా కనబడే స్పైరల్ కేబుల్‌ని మాత్రం చేత్తో తిప్పకు. నేను తిప్పాను. దుమ్ము తుడుస్తూ ఊరికే రెండు మూడు చుట్లు తిప్పి, అలాగే స్టీరింగ్ బిగించేశాను. ఊళ్లో మూడు రోజులు తిరిగినా ఏమీ కాలేదు. నాలుగో రోజు ఆర్.ఉదయగిరి ఘాట్‌లో, బాగా వంపు ఉన్న మలుపులో స్టీరింగ్ పూర్తిగా తిప్పేసరికి లోపల టప్‌మని తెగింది. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది, హారన్ పోయింది. అదే మలుపులో పైనుంచి బస్సు దిగుతోంది. హారన్ నొక్కుతున్నాను, చప్పుడు లేదు. పక్క సీట్లో మా అమ్మ ఉంది. బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

దాని లోపల గడియారం స్ప్రింగులా చుట్టిన పలచని పట్టీ ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ వైర్లు, హారన్ వైరు అన్నీ ఆ పట్టీలోంచే వెళ్తాయి. మధ్యలో ఉంటే అటూ ఇటూ చాలా బండ్లకు రెండున్నర చుట్లు వస్తుంది. నువ్వు ఒక పక్కకి ముందే చుట్టేసి బిగిస్తే, రెండో పక్కకి స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు పట్టీ చాలక తెగుతుంది. ముందు చక్రాలు తిన్నగా పెట్టి తాళం తీసెయ్. స్పైరల్ కేబుల్‌కి కదలకుండా టేపు వేసెయ్. తిరిగిపోయిందనుకుంటే మెల్లగా ఒక పక్కకి ఆగేదాకా తిప్పి, వెనక్కి రెండున్నర చుట్లు తెచ్చి, దాని మీదున్న బాణం గుర్తులు కలిశాయో లేదో చూసుకో. చుట్ల లెక్క కన్నా ఆ గుర్తులే ముఖ్యం.

పాతికేళ్ల పానా (బరంపురం)
పాతికేళ్లుగా ఇదే నా పని. అంబాసిడర్ల కాలం నుంచి నిన్నటి ఎస్‌యూవీ దాకా నా చేతి కింద నుంచి వెళ్లాయి. జనాన్ని అనవసరంగా భయపెట్టకండి. నెగటివ్ టెర్మినల్ తియ్యాలి, వెంటనే పని మొదలుపెట్టాలి, అంతే. ఎయిర్‌బ్యాగ్ బాగుందో లేదో మీటరు పెట్టి చూసుకున్నాకే నేను బిగిస్తాను. ఇన్నేళ్లలో ఒక్కటీ పేలలేదు. అసలు ప్రమాదం నట్టు దగ్గర ఉంది, దాని గురించి ఎవరూ రాయలేదు. మధ్య నట్టు పూర్తిగా తీసేసి స్టీరింగ్‌ని గట్టిగా లాగితే ఒక్కసారిగా ఊడొచ్చి మూతి పగులుతుంది. నట్టు నాలుగైదు మరలు ఉండగానే ఆపి, స్టీరింగ్ కదిలాక అప్పుడు పూర్తిగా తియ్యాలి. షాఫ్టు మీద, స్టీరింగ్ మీద మార్కర్‌తో గీత పెట్టుకోవాలి. బిగించేటప్పుడు ఎంత గట్టిగా బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచి వాడాలి, చెయ్యి అంచనా పనికిరాదు.

ఐటీఐ మాస్టారు (రాయగడ)
పానా గారూ, నట్టు గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మిగతా రెండు మాటలు మాత్రం వెనక్కి తీసుకోండి. ఇది చదివి చేసే పిల్లలుంటారు.

బ్యాటరీ తీసినా ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌లో కెపాసిటర్ ఉంటుంది. గుద్దుకున్నప్పుడు బ్యాటరీ తెగిపోయినా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాలని అందులో కరెంటు దాచి ఉంచుతారు. అది దిగేదాకా ఆగాలి. టొయోటా మాన్యువల్ 90 సెకన్లు అంటుంది, హోండా 3 నిమిషాలు అంటుంది. ఏ బండికైనా పది నిమిషాలు ఆగమని నేను మా పిల్లలకు చెప్తాను. పది నిమిషాల్లో పోయేదేమీ లేదు.

ఇక మీటరు. ఎయిర్‌బ్యాగ్ వెనక ఉండి దాన్ని పేల్చే ఇగ్నైటర్ రెండు ఓమ్‌ల సన్నటి తీగ. 1.2 ఆంపియర్లు 2 మిల్లీ సెకన్లు తగిలితే చాలు, అంటుకుంటుంది. దాని మీద మీటరు పెట్టొద్దని కంపెనీల మాన్యువల్స్‌లో రాసి ఉంటుంది.

పాతికేళ్ల పానా (బరంపురం)
మాస్టారూ, లెక్కలు నాకూ తెలుసు. డిజిటల్ మీటరు ఓమ్స్‌లో పెడితే పంపేది ఒక మిల్లీ ఆంపియరు. 1.2 ఆంపియర్లెక్కడ, ఒక మిల్లీ ఎక్కడ? పుస్తకం చదివి చెప్పడం వేరు, చేత్తో చెయ్యడం వేరు.

ఐటీఐ మాస్టారు (రాయగడ)
మంచి డిజిటల్ మీటరు వరకు మీ లెక్క సరైనదే, ఒప్పుకుంటున్నాను. కానీ పాత ముల్లు మీటర్లలో చిన్న రేంజి పెడితే నూరు మిల్లీ ఆంపియర్లు దాటి పంపేవి ఉన్నాయి. అదీ వదిలెయ్యండి. మన ఊళ్ల షెడ్లలో ఎంతమంది దగ్గర మంచి మీటరుంది? అందరి జేబులో ఉండేది టెస్ట్ ల్యాంపు. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి వైరు కట్టుకుని, కరెంటు వస్తోందా లేదా అని ప్రతి వైరూ పొడిచి చూస్తారు. 21 వాట్లని 12 వోల్టులతో భాగించండి. 1.75 ఆంపియర్లు. ఇగ్నైటర్‌కి కావలసింది 1.2. మీరు మీటరు పెట్టొచ్చు అని రాస్తే, అవతల కుర్రాడు బల్బు పెడతాడు. ఎయిర్‌బ్యాగ్ గంటకు 300 కిలోమీటర్ల వేగంతో బయటికొస్తుంది. వాడి ముఖం అప్పుడు దాని ముందే ఉంటుంది.

పాతికేళ్ల పానా (బరంపురం)
నా షెడ్డుకి ఎప్పుడైనా వచ్చారా మీరు? చూడకుండా షెడ్లన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారా? మా కుర్రాళ్లు మీ ఐటీఐలో నేర్చుకున్నవాళ్లే. సర్టిఫికెట్‌తో వచ్చినవాడికి పానా పట్టడం నేను నేర్పాల్సి వచ్చింది.

మహేంద్రగిరి గాలి (పర్లాకిమిడి)
ఇద్దరూ పెద్దవాళ్లు. కుర్రాడు అడిగినదానికి జవాబు చెప్పండి.

వార్ధా ఒడ్డు (బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా)
అన్నలూ, మీటరు గొడవ మీరు తేల్చుకోండి. నా మాట వినండి. నేను చంద్రపూర్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొన్న. లెదర్ స్టీరింగ్ చూసే మురిసిపోయిన. తాళం పెడితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోతది, అంతా బాగుందనుకున్న. రాజురా రోడ్డు మీద లారీని వెనక నుంచి గుద్దిన. బెల్టు పెట్టుకున్న కాబట్టి బతికిన. ఛాతీ ఎముకలు రెండు విరిగినయ్. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలే. తర్వాత విప్పి చూస్తే ఎయిర్‌బ్యాగ్ ఉండాల్సిన చోట ఉత్త మూత ఉంది. పసుపు సాకెట్‌లో రెండు ఓమ్‌ల రెసిస్టర్ గుచ్చి టేపు చుట్టిన్రు. రెసిస్టర్ ఉంటే కంప్యూటర్ దాన్నే ఎయిర్‌బ్యాగ్ అనుకుంటది, లైటు వెలగదు. నూరు రూపాయలు కూడా చెయ్యని ముక్క నా ఇద్దరు పిల్లలకు తండ్రిని లేకుండా చేసేది.

జైపూర్ తమ్మీ, వైర్లు కోస్తానన్న మెకానిక్ దగ్గరికి మళ్లీ పోకు. మెలేసిన జాయింట్ వదులైతే లైటు వెలుగుతది. లైటు ఆర్పమని నువ్వు అడిగితే రేపు ఆయన చేసేది కూడా ఇదే పని.

ఐటీఐ మాస్టారు (రాయగడ)
మీ పోస్టు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. లైటు ఆరిపోతే ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టే అని మేమూ చెబుతూ వచ్చాం. ఇకపై చెప్పను. పాత బండి కొనేవాళ్లు స్టీరింగ్ మధ్య మూత విప్పించి, వెనక లేబులు, పార్టు నంబరు చూసుకుని తీరాలి.

గుణుపురం రైతు (రాయగడ జిల్లా)
ఇదంతా ఎందుకు, స్టీరింగ్ కవరు వేసుకుంటే పోదా? నా బొలెరోకి అదే. ఇంకో సంగతి, ముందు ఇనుప బుల్ గార్డ్ వేయించాను, పోలీసులు ఆపి తీసెయ్యమంటున్నారు. అడవి పందులు అడ్డొచ్చే రోడ్లు మావి. ఒడిశా బండికి మాత్రమేనా, ఆంధ్రలో కూడా ఇంతేనా?

పాతికేళ్ల పానా (బరంపురం)
దేశం మొత్తం అంతే. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖే రాష్ట్రాలన్నిటికీ రాసింది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండికి ఇనుప గార్డ్ వేస్తే గుద్దిన దెబ్బ నేరుగా ఛాసిస్‌కి వెళ్తుంది, సెన్సార్లకు అందాల్సినట్టు అందదు. మీరు పంది కోసం వేస్తే లారీ దగ్గర దెబ్బ తింటారు.

గుణుపురం రైతు (రాయగడ జిల్లా)
పంది గుద్దితే రేడియేటర్ పోయి రాత్రంతా అడవిలో ఉండాలి. పట్నంలో కూర్చుని చెప్పడం తేలిక.

గోపాలపురం ఉప్పుగాలి (గంజాం)
బుల్ గార్డ్‌కి వేరే చర్చ పెట్టుకోండి దయచేసి. జైపూర్ తమ్ముడూ, ఆటోనగర్‌లో కొన్న ఎయిర్‌బ్యాగ్ ఏ బండిదో తెలుసా? మా ప్రాంతంలో 2018 తిత్లీ తుపానుకి మునిగిన కార్లు ఎన్నో ముక్కలుగా అమ్ముడుపోయాయి. నీళ్లలో నానిన ఎయిర్‌బ్యాగ్ పైకి కొత్తదానిలాగే ఉంటుంది. తకాటా కంపెనీ తయారుచేసిన, ఎయిర్‌బ్యాగ్‌ని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్ల కథ అందరికీ తెలిసిందే. అందులో మందు అమ్మోనియం నైట్రేట్. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలి అది చెడిపోయి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు ఇనుప డబ్బాయే పగిలి ముక్కలు డ్రైవర్లకు గుచ్చుకున్నాయి. ప్రపంచమంతా కార్లు వెనక్కి పిలిచారు, 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. అందుకే సముద్రం పక్కన ఉండే నేను స్క్రాప్ ఎయిర్‌బ్యాగ్‌ని ఉచితంగా ఇచ్చినా పెట్టను. స్టీరింగ్ మాత్రమే వాడు, ఎయిర్‌బ్యాగ్ నీదే పెట్టుకో.

జైపూర్ కుర్రాడు (కొరాపుట్ జిల్లా)
గోపాలపురం అన్నా, మీ మాట చదివి ఆ స్టీరింగ్ నుంచి ఎయిర్‌బ్యాగ్ తీసి చూశాను. వెనక బ్రాకెట్ అంతా తుప్పు, ఒక మూల ఎండిన బురద. ఒళ్లు ఝల్లుమంది. ఇది పెట్టనే పెట్టను. నా పాత ఎయిర్‌బ్యాగ్ ఇందులో కూర్చుంటుందా? నాలుగో ప్రశ్న ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

పాతికేళ్ల పానా (బరంపురం)
రెండింటి వెనకా పార్టు నంబరు చూడు. ఒకే తరం బండైతే చాలాసార్లు కలుస్తుంది. ముఖ్యంగా సాకెట్ల లెక్క చూడు. కొన్నింటికి ఒకటే, రెండు దశలుగా తెరుచుకునే వాటికి రెండు. ఒకటి ఉన్న బండికి రెండున్నది పెట్టకూడదు. బటన్ల కోసం టాప్ మోడల్ స్పైరల్ కేబుల్ కావాలి, బేస్‌లో ఆ పిన్నులుండవు. అది కొత్తదే కొను. కొత్తది మధ్యలో లాక్ అయి వస్తుంది, స్టీరింగ్ కూర్చోబెట్టే ముందే ఆ లాక్ తీసెయ్యి. పసుపు కప్లర్ టక్‌మనేదాకా నొక్కి, పైన లాక్ ముక్క కూడా నొక్కు. వైరు ఎక్కడా కొయ్యొద్దు, సోల్డర్ చెయ్యొద్దు. బ్యాటరీ పెట్టాక కారులో కూర్చోకుండా కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పు.

మాస్టారూ, ఇంకో మాట. నిన్న మీ పోస్టు చదివాక షెడ్డులో చూశాను. మా చిన్న కుర్రాడి దగ్గర బల్బు టెస్టరే ఉంది. దాంతో స్టీరింగ్ దగ్గరికి వెళ్లొద్దని చెప్పాను. మీటరు విషయంలో మాత్రం నా మాట నాదే.

ఐటీఐ మాస్టారు (రాయగడ)
బల్బు ఆపారు, నాకది చాలు. మీటరు గురించి నా మాట కూడా నాదే. ఎయిర్‌బ్యాగ్ బాగుందో లేదో చెప్పాల్సింది బండి కంప్యూటర్‌లో లోపాల కోడ్‌లు చదివే స్కానర్.

కొండదారి (సుంకి దగ్గర, కొరాపుట్ జిల్లా)
స్టీరింగ్ మార్చినా ఆర్టీఓ ఒప్పుకుంటారా? మోటారు వాహనాల చట్టంలో బండి మార్పుల మీద 52వ సెక్షన్ ఉంది కదా. మార్పుకి 5000 జరిమానా అని మా బావ అంటున్నాడు.

మహేంద్రగిరి గాలి (పర్లాకిమిడి)
అదే కారు కంపెనీ ఇచ్చిన స్టీరింగే, ఎయిర్‌బ్యాగ్‌తో సహా ఉంటే ఎవరూ ఆపలేదు, మా ఊళ్లో ఇద్దరున్నారు. ఎయిర్‌బ్యాగ్ లేని రేసు స్టీరింగులు పెట్టేవాళ్లు భయపడాలి. 2019 జులై 1 నుంచి కొత్త కారుకి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. ఉన్నదాన్ని తీసేస్తే ప్రమాదం జరిగాక బీమా దగ్గర ఏం సమాధానం చెప్తారు?

జైపూర్ కుర్రాడు (కొరాపుట్ జిల్లా)
ఆదివారం చేశాం. పార్టు నంబర్లు ఒకటే, రెండింటికీ ఒకే సాకెట్. బ్యాటరీ తీసి పది నిమిషాలు ఫోన్‌లో టైమర్ పెట్టుకున్నాను. స్పైరల్ కేబుల్ కొత్తది, బాణాలు కలిపి బిగించాం. కిటికీలోంచి తాళం తిప్పాను. లైటు వెలిగింది, ఆరు సెకన్లకు ఆరిపోయింది. కానీ బల్లార్‌పూర్ అన్న కథ చదివాక ఆ లైటుతో తృప్తి కలగలేదు. స్కానర్ పెట్టించాను, ఒక్క కోడ్ కూడా లేదు. బటన్లు మాత్రం పనిచెయ్యడం లేదు, బేస్ మోడల్ స్టీరియోకి ఆ వైరే లేదట. అది తర్వాత చూస్తాను.

తుప్పు పట్టిన ఎయిర్‌బ్యాగ్ ఇంకా మేడ మీద గదిలో ఉంది. పాత ఇనుప సామాను కొనే ఆయన అడుగుతున్నాడు.

వార్ధా ఒడ్డు (బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా)
ఇవ్వకు తమ్మీ. ఆయన దాన్ని గ్యాస్ కట్టర్‌తో కోస్తడు, లేదంటే మంటల్లో పడేస్తడు. ఇంకొకరికి అమ్మనూ వద్దు, అది నా లాంటి వాడి బండిలో తేలుతది.

ఐటీఐ మాస్టారు (రాయగడ)
కొరియర్‌లో కూడా పంపకు. నీ కారు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి, తీసుకుంటారో లేదో అడిగి, చేత్తో ఇచ్చిరా. మెత్తటి వైపు నీ ఒంటికి కాకుండా బయటికి ఉండేలా పట్టుకో, కింద పెట్టేటప్పుడు అదే వైపు పైకి ఉండాలి. బోర్లా పెడితే, పేలినప్పుడు ఇనుప భాగం ఎగిరి వస్తుంది. గదికి తాళం వేశావా? ఇంట్లో పిల్లలున్నారా?

జైపూర్ కుర్రాడు (కొరాపుట్ జిల్లా)
అక్క పిల్లలున్నారు మాస్టారూ. బోర్లానే పెట్టాను, ఇప్పుడే వెళ్లి తిప్పి పెట్టి తాళం వేశాను. సర్వీస్ సెంటర్ వాళ్లు రేపు పదింటికి తెమ్మన్నారు.