అడవి చివరిసారి ఎప్పుడు కాలిందో టేకు మొద్దు చూసి చెప్పొచ్చా?

ప్రశ్న:
కడప వైపు లంకమల అడవి అంచున, బద్వేలు దగ్గర, 2024 మార్చిలో గాలికి పడిన టేకు మాను. అటవీ శాఖ అనుమతితో మాను మొదలు దగ్గర కోసిన బిళ్ల నా దగ్గరుంది. ఓ పక్క నల్లమచ్చ. మంట ఏ ఏటిదో ఎలా తేల్చాలి?

జవాబు 1:
టేకు అయితే పని సులువు. ఏటేటా వలయం మొదట్లో పెద్ద రంధ్రాల వరుస కనిపిస్తుంది. బిళ్లను 80 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 400 దాకా రుద్ది, కాస్త తడిపి భూతద్దంతో చూడండి. మచ్చ నడిమిన లెక్కపెట్టొద్దు, అక్కడ కలప పెరగడం ఆగిపోయి ఉంటుంది. అంచుల నుంచి కొత్త కలప ముడుచుకుంటూ వచ్చిన చోట, బెరడు నుంచి మచ్చ మొన దాకా లెక్కించండి. మన దగ్గర మంటలు ఎక్కువగా ఫిబ్రవరి–మే మధ్యే. అప్పుడు టేకు మోడుగా ఉంటుంది కాబట్టి మచ్చ రెండు వలయాల సరిహద్దులో పడుతుంది. మీ బిళ్లలో చివరి వలయం 2023 వానలది. మచ్చ బయట 7 ఉంటే 2017 ఎండాకాలం.

జవాబు 2:
దొంగ వలయాలతో జాగ్రత్త సార్. కడప వైపు నైరుతి వెనకబడి, అక్టోబరులో మళ్లీ వాన పడితే ఒకే ఏట రెండు గీతలు రావచ్చు. దొంగ గీత అంచు మసగ్గా ఉంటుంది, తరచూ చుట్టూ తిరగకుండా మధ్యలోనే మాయమవుతుంది. ఇంకోటి, మచ్చలో బొగ్గు ఉందా? లేకపోతే గొడ్డలి గాటు కూడా కావచ్చు. ఒక్క మానుతో తేల్చేయకండి, దగ్గర్లోని నాలుగైదు మొద్దులూ అదే ఏడు చెప్పాలి.

జవాబు 3:
వచ్చిన ఏడాదిని, ఉపగ్రహాలు గుర్తించిన మంటలను మ్యాపు మీద చుక్కలుగా చూపే నాసా వెబ్‌సైటు ఫర్మ్స్‌లో సరిచూడండి. మోడిస్ అనే ఉపగ్రహ పరికరం చుక్కలు 2000 చివరి నుంచి, 375 మీటర్ల గడుల్లో మరింత వివరంగా చూసే వైర్స్ పరికరానివి 2012 నుంచి ఉన్నాయి. గడ్డి మాత్రమే కాలిన చిన్న మంట అందులో పడకపోవచ్చు. చుక్క లేదని లెక్క మార్చేయకండి.